నడిచే దుమ్ము

"దుమ్ము కాదే అది. దుమ్ముకి కాళ్ళుంటాయా?" అంది అక్క.

క్రోటన్ ఆకును తెల్ల తువ్వాలు మీద తట్టి, ఇద్దరం వంగి చూస్తున్నాం. సన్నటి ఇటుక పొడి రాలినట్టు ఎర్రటి చుక్కలు రాలాయి. రాలినవి రాలినట్టు ఉండకుండా ఒక్కొక్కటి ఒక్కో దారి పట్టాయి. అక్క వేలితో ఒకదాన్ని నలిపింది. తువ్వాలు మీద తుప్పు రంగు గీత పడింది.

అక్క వెంటనే తలుపు వైపు చూసింది. ఇంకా ఎవరూ రాలేదు.

"పేలు," అంది గొంతు తగ్గించి. "మొక్కలకి పేలు పట్టాయి."

బ్యూటీ పార్లర్ నడిపే మనిషి ఆ మాట అనడమంటే, వంటవాడు వంటింట్లో నిలబడి విషం అన్నట్టే.

అక్క పార్లర్ పొడుగాటి గది. ఒక గోడ పొడవునా అద్దాలు, వాటి ముందు కుర్చీలు, చివర్లో తల కడిగే బేసిన్, ఆ పక్కనే తువ్వాళ్ళు ఆరేసే వెనక వరండా. అద్దానికీ అద్దానికీ మధ్య కుండీలు. క్రోటన్లు, అరేకా పామ్‌లు, ఆకులు గొడుగులా విచ్చుకునే మొక్క ఒకటి. దాని పేరు మాకు తెలియదు, గొడుగు మొక్క అంటాం. వీధికి అవతల ఉన్న ఎదురు పార్లర్‌లో అన్నీ ప్లాస్టిక్ మొక్కలే. మా దగ్గర జుట్టు చేయించుకున్నవాళ్ళు ఈ ఆకుల పక్కన నిలబడి ఫొటో దిగి మరీ వెళతారు. అక్కకి ఆ కుండీలంటే ప్రాణం.

"నువ్వు డిగ్రీ చదివావు కదా. ఏం చెయ్యాలో చెప్పు," అంది.

"అక్కా, నేను చదివింది కామర్స్."

"ఏదైతేనేం? చదువు చదువే."

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. తొక్కించింది అక్క. తను బడి మానేసి, ఎవరెవరి పార్లర్‌లలోనో తలలు కడిగి, వేళ్ళ సందులు పాసిపోయినా మానకుండా నన్ను చదివించింది. అలాంటి మనిషి ఏదైనా అడిగితే తెలియదని చెప్పడానికి నాకు నోరు రాదు. ఉద్యోగం వచ్చేదాకా పార్లర్ కౌంటర్‌లో కూర్చుంటున్నాను. అక్కడే కూర్చుని ఫోన్‌లో వెతికాను. అవి పేలు కావు, ఎర్రనల్లి అని తేలింది. సాలీడు జాతి. ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. ఆకు మీద సూదితో పొడిచినట్టు తెల్లటి చుక్కలు పడతాయి. ముదిరితే కాడకీ ఆకుకీ మధ్య గూడు అల్లుతుంది. పొడిగాలిలో బాగా పెరుగుతుంది. నీటి ధారతో ఆకుల అడుగు కడగాలి, సబ్బునీళ్ళు కొట్టాలి, గుడ్లు పిల్లలవుతూనే ఉంటాయి కాబట్టి మళ్ళీ మళ్ళీ కడగాలి.

"కడగడమేగా! మన పనే అది," అంది అక్క, గుండె మీద చెయ్యి వేసుకుని.

క్రోటన్ కుండీకి ప్లాస్టిక్ కవరు చుట్టి, మట్టి జారకుండా నేను పట్టుకున్నాను. అక్క మొక్కను వెల్లకిలా వంచి, కాండాన్ని బేసిన్ అంచు మీద, మనుషులు మెడ ఆనించే చోట ఆనించింది. నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయేమో అని ముందు తన మణికట్టు మీద పోసుకుని చూసుకుంది. "కళ్ళు మూసుకో" అని కూడా అంటుందేమో అనుకున్నాను. ఆకు ఆకునీ తిరగేసి, వేళ్ళతో రుద్ది, ధార కొట్టింది. అయ్యాక డ్రయ్యర్‌తో ఆరబెట్టి, చోటుకి చేర్చింది. తడి తలతో ఎవరినీ కుర్చీలోంచి లేవనివ్వని మనిషి, మొక్కకీ ఆ మర్యాద తప్పనివ్వలేదు.

"సరే, కడిగాం. తెచ్చిందెవరు?" అంది చేతులు తుడుచుకుంటూ.

"తేవడమేంటి అక్కా? పురుగు కదా, ఎక్కడి నుంచైనా..."

"పేలు ఊరికే పుట్టవే. ఒక తల నుంచే ఇంకో తలకి ఎక్కుతాయి. తలకైనా ఆకుకైనా లెక్క అదే. ఎవరో తెస్తేనే వస్తాయి."

ఎవరు తెచ్చారన్న ప్రశ్న పుట్టాక, మనిషి దొరకడానికి ఎంతసేపు?

పార్లర్‌లో అక్క కాకుండా పనిచేసేది ఒక్కతే. ఉంగరాల జుట్టు కాబట్టి అందరం ఉంగరాలక్క అంటాం. అంతకుముందు ఎదురు పార్లర్‌లో చేసేది. అక్కడెందుకు మానేసిందో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. చెయ్యి మంచిది, అది చాలనుకుంది అక్క. ఆమె చేరిన కొన్నాళ్ళకే మొక్కలు పాలిపోవడం మొదలైంది. ఆ సంగతి మాకు తట్టలేదు. టీచరమ్మకి తట్టింది.

టీచరమ్మ రిటైరైన పంతులమ్మ. ఉన్న నాలుగు వెంట్రుకలకి వారం వారం పార్లర్ అవసరం లేదు. వీధి కబుర్లు వినడానికీ వినిపించడానికీ వస్తుంది. ఆ రోజు కుర్చీలో కూర్చుని, అద్దంలోంచి క్రోటన్‌ను చూసింది.

"ఏమ్మాయ్, ఈ మొక్కకేమైంది? మొన్నటిదాకా కళకళలాడుతుండేది కదా. ఈవిడ వచ్చాకే కదూ ఇలా అయింది?"

ఉంగరాలక్క వెనక వరండాలో ఉంది. "అబ్బే, అదేం లేదు టీచరమ్మా," అంది అక్క.

"నేనేమన్నానమ్మా ఇప్పుడు? ఎదుటివాళ్ళ దగ్గర నుంచి వచ్చిన చెయ్యి కదా అన్నాను, అంతే. అనుమానం నాకెందుకు?"

అనుమానం తనకెందుకని మాకిచ్చి వెళ్ళిపోయింది.

ఇక ఉంగరాలక్క ఏం చేసినా వేరేగా కనపడసాగింది. పొద్దున మాకంటే ముందు వచ్చి షట్టర్ తీస్తుంది. అంత ముందెందుకు? దారిలో ఎదురు పార్లరావిడతో నిలబడి మాట్లాడుతుంది. మమ్మల్ని చూడగానే మాట ఆపేస్తుంది. ఏం మాట్లాడుతోంది? ఖాళీ దొరికితే మొక్కల దగ్గరకి వెళ్ళి ఆకులు తిరగేసి చూస్తుంది. చూస్తోందా, ఏమైనా పెడుతోందా? సంచిలో చిన్న స్ప్రే సీసా ఒకటి ఉంది. అటూ ఇటూ చూసి తీస్తుంది, మళ్ళీ దాచేస్తుంది.

"అదేంటో చూడు," అంది అక్క ఒక మధ్యాహ్నం.

"ఒకరి సంచిలో చెయ్యి ఎలా పెట్టమంటావు అక్కా?"

"నా పార్లర్‌లో ఉన్న సంచి. చూడు."

ఉంగరాలక్క వరండాలో అన్నం తింటోంది. గోడకి తగిలించిన సంచిలోంచి సీసా తీసి, టిష్యూ కాగితం మీద కొట్టి వాసన చూశాను. నీళ్ళు. కొంచెం కండిషనర్ వాసన.

"నీకూ ఉంగరాలు తిప్పుకోవాలనుందా చెల్లీ?"

వెనక నిలబడి ఉంది. తినడం పూర్తికాలేదు, ఎంగిలి చెయ్యి గాలిలో పట్టుకుని ఉంది.

"ఈ జుట్టుకి మాటిమాటికీ నీళ్ళు కొట్టకపోతే పిచ్చుకలొచ్చి గూడు కడతాయి. కస్టమర్ల ముందు కొట్టుకుంటే మీ అక్క ఊరుకోదని చాటుగా కొట్టుకుంటాను," అని నవ్వింది. ఎడమచేత్తో సీసా తీసుకుని సంచిలో వేసుకుంది. ఆ రోజు నుంచి సంచిని గోడకి తగిలించడం మానేసి, బేసిన్ కింద తన కాళ్ళ దగ్గరే పెట్టుకుంటోంది.

"వట్టి నీళ్ళే అక్కా," అని చెప్పాను.

"వట్టి నీళ్ళయితే సంచి దాచుకోవడం దేనికి?" అంది అక్క.

మనమే సంచి తెరిచి, మనమే సంచి దాచుకుందంటున్నాం అన్న మాట నోటిదాకా వచ్చింది కానీ అక్క మొహం చూసి మింగేశాను.

క్రోటన్ నుంచి పురుగు అరేకాలకి పాకింది. ఒక అమ్మాయి ఫొటో కోసం అరేకా పక్కన నిలబడి, "ఆంటీ, జుట్టుకి ఏదో దారం అంటుకుంది," అని దులుపుకుంది. అక్క చెంగున వెళ్ళి ఆమె తల దువ్వేసి, "కాటన్ పోగమ్మా," అంది. ఆ అమ్మాయి వెళ్ళాక కుర్చీలో కూలబడింది.

"పార్లర్‌లో పేలు అన్న మాట ఒక్కసారి బయట పడిందంటే షట్టర్ దించుకోవాల్సిందే. కడిగిన మొక్కకి మళ్ళీ ఎలా వస్తుందే? తలుపు దగ్గర దూరంగా ఉన్నదానికెలా వస్తుంది? కాళ్ళొచ్చి నడిచిందా? చెయ్యేదో ఉంది ఇందులో."

అక్క రోజూ పొద్దున్నే డ్రయ్యర్‌తో ఆకుల మీద దుమ్ము ఊది, ఆకులు తిరగేసి చూసి, పళ్ళు కొరుక్కునేది. కడిగేది. మళ్ళీ కనపడేది. చివరికి ఒక మాట తేల్చేసింది. ఉంగరాలక్క వాళ్ళమ్మకి ఒంట్లో బాగోలేదని సెలవు అడిగింది. "వెళ్ళి రానీ. ఆమె లేనన్నాళ్ళూ మొక్కలు శుభ్రంగా ఉన్నాయంటే ఇక సాక్ష్యాలక్కర్లేదు. తిరిగొచ్చాక పురుగు మళ్ళీ కనపడ్డ రోజే ఆమెకి ఆఖరి రోజు."

"అక్కా, ఆమెకి ఈ పని తప్ప..."

"నాకు మాత్రం ఉందా?"

ఆమె లేని రోజుల్లో పని ఊపిరి ఆడనివ్వలేదు. రెండు కుర్చీలూ అక్కే చూసుకుంది. కుండీలని ఒక్కొక్కటే వెనక వరండాలోకి మోసుకెళ్ళి పైపుతో కడగడం నా వంతు. కడిగి, నీళ్ళోడుతుండగా అక్కడే వదిలేసి కౌంటర్‌కి పరిగెత్తేదాన్ని. ఆరాక తెచ్చి లోపల పెట్టేదాన్ని. వారం తిరిగేసరికి తువ్వాలు మీద తడితే ఏమీ రాలడం లేదు. గొడుగు మొక్కకి కొత్త ఆకు కూడా విచ్చుకుంది. అరేకాల్లో ఒకదాన్ని మాత్రం బరువు వల్ల మోయలేక, తడిగుడ్డతో తుడిచి మూలకి నెట్టాను.

"చూశావా?" అంది అక్క.

చూశాను. నిజం చెప్పాలంటే అప్పుడు నేనూ నమ్మేశాను. ఆమె నవ్వు, ఆమె సంచి, ఎదురు పార్లర్ ముందు ఆగి మాట్లాడిన మాటలు అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంటే, ఏదీ అమాయకంగా కనపడలేదు.

ఉంగరాలక్క తిరిగి వచ్చింది. గుమ్మంలోనే ఆగి మొక్కల్ని చూసి, "అబ్బో, తేరుకున్నాయే! నేను లేకపోతేనే బాగుంటాయేమో ఇవి!" అని నవ్వింది.

నేనూ అక్కా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మళ్ళీ రెండు చేతులు కలిశాయి కాబట్టి అక్కకి తీరిక చిక్కింది. మొక్కల ముస్తాబు తన చేతిలోకి తీసుకుంది. కొద్దిరోజులకే గొడుగు మొక్క కొత్త ఆకు మీద తెల్ల చుక్కలు పడ్డాయి. క్రోటన్ అడుగున ఎర్రపొడి.

"ఇంకేం చూడాలి? ఈ పూట చెప్పేస్తాను," అంది అక్క. షట్టర్ తీసి ఎంతోసేపు కాలేదు. ఉంగరాలక్క ఉతికిన తువ్వాళ్ళు తేవడానికి వరండాలోకి వెళ్ళింది. అక్క కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని డ్రయ్యర్ అందుకుంది. మూలనున్న అరేకా ముందుకి లాగి, రోజూలాగే దాని ఆకుల మీది దుమ్ము ఊదడం మొదలుపెట్టింది.

అద్దాల తలుపులోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ వెలుతురులో ఏవో మెరిశాయి. వెంట్రుకలో పదోవంతు కూడా లేని దారాలు, అరేకా నుంచి లేచి, డ్రయ్యర్ గాలికి తేలి, గొడుగు మొక్క వైపు వెళుతున్నాయి. ఒక్కో దారం కొసన ఒక చుక్క వేలాడుతోంది.

ఫోన్‌లో చదివిన పొడిగాలి అన్న మాట గుర్తొచ్చింది. నేను దాన్ని ఎండాకాలం గాలి అనుకుని ఊరుకున్నాను.

"అక్కా, ఆగు."

తెల్ల తువ్వాలు తెచ్చి గొడుగు మొక్క పక్కన కుర్చీ మీద పరిచాను. "ఇప్పుడు మళ్ళీ ఊదు."

"నీకేమైనా పిచ్చా?"

"ఒక్కసారి ఊదు అక్కా."

ఊదింది. డ్రయ్యర్ ఆపి, ఇద్దరం తువ్వాలు మీదకి వంగాం. చుక్కలు. ఒకటి తువ్వాలు అంచు వైపు, ఒకటి మడత లోపలికి, ఒకటి అక్క వేలి వైపు నడుస్తోంది.

అక్క ఆ వేలు వెనక్కి లాక్కుంది. తర్వాత, "అంటే? నేనే పట్టించానంటావా?" అంది.

"నువ్వు కాదక్కా. గాలి..."

"గాలి ఎవరి చేతిలో ఉందే?" చేతిలోని డ్రయ్యర్ వైపు చూసుకుంది. "మరి ఆమె లేనప్పుడు ఎందుకు రాలేదు?"

"ఆమె లేనప్పుడు నీకు మొక్కల మీద డ్రయ్యర్ పట్టే తీరిక లేదు. నేను కడిగి అలాగే వదిలేశాను. తీరిక దొరికాక మళ్ళీ మొదలుపెట్టావు."

ఇంతవరకు అక్కని తప్పు నీది అని ఎప్పుడూ అనలేదు. అక్క డ్రయ్యర్ ప్లగ్గు పీకి, వైరు చుట్టింది. చుట్టిన వైరు విప్పి మళ్ళీ చుట్టింది.

"ఆమెకి చెప్పకు," అంది మెల్లగా.

"చెప్పక్కర్లేదక్కా. నాకూ చెవులున్నాయి."

ఉంగరాలక్క వరండా తలుపులో నిలబడి ఉంది. చేతుల నిండా తువ్వాళ్ళు, గడ్డం దాకా. వాటిని తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

"సంచి తెరిచిన రోజే నాకు తెలుసు. అక్కడ నేనెందుకు మానేశానో మీరు అడగలేదు. తువ్వాళ్ళు పోయాయి, నా మీద వేశారు. తర్వాత ఉతికేవాళ్ళ దగ్గర మూటలో దొరికాయి. దొరికాయని ఎదురు పార్లరావిడ ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్క మాట నలుగురిలో చెప్పమని రోజూ పొద్దున్నే ఆగి అడుగుతున్నాను. రేపు రేపంటోంది." ఒక తువ్వాలు మడత పెట్టింది. "అక్కడ తువ్వాళ్ళు, ఇక్కడ నల్లులు. నా మీద పడే నిందలు కూడా చిక్కిపోతున్నాయి అక్కా."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అక్క మొహంలో ఏదీ లేదు.

"మొక్కలు పోతున్నాయంటే మనసు మనసులో లేదు," అంది. "పోనీలే. అయిందేదో అయింది. ఏప్రన్ కట్టుకో, జనం వచ్చే వేళైంది."

"కట్టుకుంటాను. మాట ఎవరి ముందు పడిందో వాళ్ళ ముందే మీరు వెనక్కి తీసుకోవాలి. ఇవాళ టీచరమ్మ వస్తుంది. ఆవిడకి చెప్పండి, కట్టుకుంటాను. చెప్పకపోతే ఈ సంచితో అలాగే వెళతాను. ఇంకో చోట మళ్ళీ గుమ్మంలో నిలబడి రోజూ అడుక్కోవడం నా వల్ల కాదు."

వెళ్ళి కస్టమర్లు కూర్చునే సోఫాలో కూర్చుంది, ఒళ్ళో సంచి పెట్టుకుని.

జనం వచ్చారు. అక్క రెండు కుర్చీల మధ్య తిరుగుతూ మధ్యలో నా దగ్గరకొచ్చి పళ్ళు బిగించి మాట్లాడింది. "టీచరమ్మకి చెప్పడమంటే పేపర్లో వేయించడమేనే. పురుగుందని నా నోటితో నేనే చెప్పుకోవాలా? నా పార్లర్‌లో?"

"ఆమె పేరు మాత్రం పాడవొచ్చా అక్కా?"

అక్క నన్ను కొత్తగా చూసినట్టు చూసి వెళ్ళిపోయింది.

టీచరమ్మ వచ్చింది. సోఫాలో ఉన్న ఉంగరాలక్కని చూడగానే కళ్ళు వెలిగాయి. "ఏమిటీ, ఈవిడ ఇక్కడ కూర్చుందేం? మాన్పించేశావా?" అంది కుర్చీ ఎక్కకముందే.

అక్క ఆవిడని కూర్చోబెట్టి, మెడ చుట్టూ గుడ్డ కట్టింది. దువ్వెన తీసుకుంది. దువ్వింది. ఇక చెప్పదనుకున్నాను. ఉంగరాలక్క సంచి పట్టీ భుజానికి ఎక్కించుకుంటోంది.

"టీచరమ్మా, మొక్కలకి పురుగు పట్టింది," అంది అక్క, గది మొత్తానికీ వినపడేటట్టు.

"అయ్యో!"

"దాన్ని గదంతా పంచింది నేను. డ్రయ్యర్‌తో ఊది ఊది నేనే పంచాను. ఈమెకి దాంతో ఏ సంబంధమూ లేదు. ఊరికే అనుమానించాను. తప్పు నాది."

సోఫా చివర కూర్చున్న ఒకావిడ గొడుగు మొక్క పక్క నుంచి లేచి, చీర దులుపుకుని, "మళ్ళీ వస్తానమ్మా," అని వెళ్ళిపోయింది. అక్క చూసింది. దువ్వెన ఆపలేదు.

"నేనప్పుడే అనుకున్నాను సుమా!" అంది టీచరమ్మ. "ఆ పిల్ల మొహం చూస్తే తెలియడం లేదూ, అలాంటిది కాదని!"

ఉంగరాలక్క భుజం మీది సంచి దించి, గోడ మేకుకి తగిలించింది. ఏప్రన్ తీసుకుంది.

టీచరమ్మ అద్దంలో ఆమెనే చూస్తూ, గొంతు బాగా తగ్గించింది. "అది సరేగానీ అమ్మాయ్, అక్కడ ఎందుకు మానేసిందో కనుక్కున్నావా?"

"కనుక్కున్నాను," అంది అక్క. "చెబుతాను, అదీ అందరికీ వినపడేలాగే చెబుతాను. ముందు మీరు తల కదపకండి."